అప్‌డేట్: 120 కిలోల గుమ్మడికాయ పగలకుండా ట్రాలీ ఎక్కింది

అనంతపురం దగ్గర మా తోటలోని పెద్ద గుమ్మడికాయను ట్రాలీలోకి ఎలా ఎక్కించాలని అడిగాను కదా, పనైపోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది బోరు మోటార్లు ఎత్తే ముక్కాలి స్టాండు, చైన్ పుల్లీ. వెడల్పాటి నైలాన్ బెల్టులు 8, కాయ చుట్టూ సమదూరంలో వేలాడదీసి, పై కొసలన్నీ కొక్కేనికి తగిలించాలి. కింది లూపుల్లోంచి తాడు దూర్చి పొట్ట కిందుగా బిగించాలి. అసలు కిటుకంతా ఈ తాడులోనే ఉంది: నడుము చుట్టుకొలత కంటే చిన్నగా ఉంటేనే పైకి జారదు. జానెడు లేపి ఆపి, ఒరగట్లేదని చూసుకున్నాకే ఇంకా పైకి లేపి, ట్రాలీని వెనక్కి కాయ కిందికి తేవాలి. చేతులు కాయ కింద పెట్టొద్దు.

తొడిమ పట్టి లాగితే ఊడొస్తుంది, అక్కడే కుళ్ళు మొదలవుతుంది. ట్రాలీలో వేరుశనగ పొట్టు మందంగా పరిచాం. జేసీబీ అక్కర్లేకపోయింది.