కృష్ణరాయల దళవాయి నోట ‘రాయలసీమ’ అన్న మాట పలకవచ్చునా?

ప్రశ్న (కడప నుండి):

సభ్యులకు నమస్కారం. మా ఊరి పుస్తక బృందం ఈ నెల చదవడానికి ఒక చారిత్రక నవలను ఎంచుకున్నది. కథాకాలం 1520 ప్రాంతం. కథ చాలావరకు గండికోట, పెనుగొండల నడుమ నడుస్తుంది. అందులో ఒక దళవాయి, అంటే సేనానాయకుడు, తన బంటును మందలిస్తూ, రాయలసీమలో పుట్టినవాడు ఆడిన మాట తప్పకూడదని అంటాడు. మా చర్చ అక్కడే ఆగిపోయింది. ఆనాటికి ఆ పేరే లేదని కొందరు, నవలకు ఇంత పట్టింపు పనికిరాదని కొందరు వాదించారు. ఆ పేరు 1928లో నంద్యాలలో పెట్టారని నేనూ చదివాను కనుక నా సందేహం దాని గురించి కాదు. ‘రాయలు’ ఆనాటి మాటే, ‘సీమ’ కూడా ఆనాటి మాటే. అటువంటప్పుడు ఆ రెండింటినీ కలిపి అప్పటి మనిషి పలికి ఉండే అవకాశమే లేదా?

సమాధానం (అనంతపురం నుండి):

అమ్మా, వ్యాకరణం మీ పక్షానే ఉన్నది. రాయల కొలువు, రాయల దండు అన్నట్లే ‘రాయల సీమ’ అనడానికి ఆనాటి తెలుగులో ఏ అడ్డంకీ లేదు. అయితే అలా అన్నవాడి మనసులో ఉండే అర్థం, ఈనాడు మనం వినే అర్థం ఒకటి కావు. నవలలోని వాక్యం తప్పిందని నేననుకునేది అక్కడే.

మొదట ‘సీమ’ సంగతి చూద్దాం. విజయనగర కాలపు శాసనాలలో రాజ్యం, సీమ, నాడు, స్థలం అనేవి పాలనా విభాగాల పేర్లు. ఉదయగిరి రాజ్యం, పెనుగొండ రాజ్యం, చంద్రగిరి రాజ్యం వంటివి పెద్దవి. గండికోట సీమ వంటివి వాటికి లోబడినవి. శాసనాల అక్షర క్రమంలో అది ‘ఘండికోట సీమ’. ఒక గ్రామాన్ని దానమిచ్చినప్పుడు అది ఏ స్థలానికి, ఏ సీమకు, ఏ రాజ్యానికి చెల్లుతుందో వరుసగా చెప్పడం ఆనాటి లేఖకుల పద్ధతి. పన్ను లెక్కలతోనూ కోటల కాపలాతోనూ పొద్దుపుచ్చే దళవాయికి ఈ వరుస కంఠస్థమై ఉండాలి. అటువంటివాడు ‘సీమ’ అంటే ఏదో ఒక కోట కింది పల్లెలు మనసులో మెదులుతాయి తప్ప నాలుగైదు జిల్లాల ప్రాంతం మెదలదు. పోనీ ‘రాయల సీమ’ అంటే రాయలు ఏలే నేల అంతా అని వదులుగా అర్థం చెప్పుకుందామా అంటే, దానిలోకి కొండవీడూ వస్తుంది, హంపీ వస్తుంది, తమిళ దేశమూ వస్తుంది. అప్పుడు దళవాయి గొప్పగా చెప్పుకుంటున్న ‘మన’ ప్రాంతం ఎక్కడ మిగిలింది?

ఆ నేల మొత్తానికి అప్పటివాళ్ళు వాడిన పేరు వేరే ఉన్నది. శ్రీనాథుడిదిగా చెప్పే ప్రసిద్ధ చాటువు ‘తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుడన్’ అని ముగుస్తుంది. శాసనాలలో అది కర్ణాట రాజ్యం. తెలుగు వాళ్ళ పౌరుషాన్ని కన్నడ రాజ్యం పేరుతో చెప్పడం ఈనాటి పాఠకుడికి ఎబ్బెట్టుగా తోస్తుందని నవలాకారుడు వెనుదీసి ఉండవచ్చు. ఆ వెనుకంజే నాకు నిరాశ కలిగించింది. ఆ ఎబ్బెట్టుతనంలోనే ఆ కాలపు నిజమైన రుచి ఉన్నది కదా.

ఇక మనం ఈనాడు రాయలసీమ అంటున్న ప్రాంతానికి ఒక్కటిగా రూపం వచ్చింది రాయల వలన కాదు, ఒక ఒప్పందపు కాగితం వలన. మైసూరు యుద్ధాల తరువాత 1792లోను, 1799లోను తన వంతుకు వచ్చిన భూములను నిజాము 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యపు ఖర్చుకు అది బదులు. కంపెనీ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చి 1807 దాకా వాటిని చక్కబెట్టాడు. తెల్లవారు పెట్టిన ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అనే పేరుకు తెలుగుగా ‘దత్తమండలం’ స్థిరపడింది. ఇచ్చివేయబడిన నేల అని దాని అర్థం. ఆ పేరు మోయలేకనే 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ను ప్రతిపాదించారు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. అనంతపురం కళాశాలలో పాఠం చెప్పడానికి వచ్చిన భాషావేత్త. ఊరివాళ్ళకు ఊరి పేరు బయటినుండి వచ్చిన పండితుడు పెట్టడం నాకు ముచ్చటగా ఉంటుంది. కోస్తా, సీమ నాయకుల నడుమ 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక వచ్చేసరికి ఆ పేరు రాజకీయంలో మామూలు మాటైపోయింది. ఎల్లలు మాత్రం ఆ తరువాత కూడా కదులుతూనే ఉన్నాయి. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రానికి పోయింది. దత్తమండలంలో లేని తిరుపతి, చంద్రగిరులు 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాతో పాటు సీమలో కలిశాయి. కనుక దళవాయి పలికిన అభిమానం ఇరవయ్యో శతాబ్దిది. మాటలోని రెండు ముక్కలూ పాతవే కావచ్చు, వాటి వెనుక ఉన్న పటం మాత్రం కొత్తది.

ఆక్షేపణ (కర్నూలు నుండి):

పై వివరణ బాగున్నది గాని, న్యాయం అందరికీ ఒకటే కావాలి. ఆ నవలలో పాత్రలు మాట్లాడే తెలుగు అంతా ఈ కాలపుదే. ‘హుకుం’, ‘జాగీరు’, ‘జవాను’ వంటి మాటలు పేజీ పేజీకీ ఉన్నాయి. వాటిని వదిలి ఈ ఒక్క పేరును పట్టుకోవడం ఎందుకు?

సమాధానం (అనంతపురం నుండి):

అయ్యా, ఆ మాటలను నేను తప్పు పట్టను. పారసీ, అరబ్బీ మాటలు కనబడగానే ‘ఇది రాయల కాలపు తెలుగు కాదు’ అనడం తొందరపాటు అవుతుంది. నేను పైన చెప్పిన చాటువులోనే కవి ‘కుళ్లా యుంచితి’ అని మొదలుపెడతాడు. ఆ కుళ్లాయి పారసీ నుండి వచ్చిన టోపీ. విజయనగర రాజులు పద్నాలుగో శతాబ్దిలోనే ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాను అన్న మాటకు సంస్కృతపు తొడుగు. కొలువులో అటువంటి మాటలు తిరిగాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

పాత్రల సంభాషణ అంతా ఆనాటి తెలుగులో వ్రాస్తే ఎవరూ చదవలేరు. అది పాఠకుడూ రచయితా కుదుర్చుకున్న ఒప్పందం. క్రియారూపాలకు, వాక్యాల నడకకు ఆ ఒప్పందం వర్తిస్తుంది. ఊళ్ళ పేర్లకు, పంటలకు, పదవులకు వర్తించదని నా అభిప్రాయం. అదే నవలలో గుత్తి దారి వెంట వేరుసెనగ చేలున్నట్లు వ్రాసి ఉంటే మీరూ ఒప్పుకునేవారు కారు. అది అమెరికా ఖండపు మొక్క అని మన జిల్లాల్లో రైతులకు కూడా తెలుసు. ప్రాంతం పేరు కూడా అటువంటిదే, చేతికి తగిలే వస్తువు కాదు కనుక తప్పించుకుపోతున్నది.

రచయిత తన గొంతుతో ‘ఈనాటి రాయలసీమలో ఉన్న గండికోట’ అని వ్రాస్తే ఏ ఇబ్బందీ లేదు. దళవాయి నోట మాత్రం ‘గండికోట సీమవాడు’ అనో, కడప వైపు పాత నాడు పేరుతో ‘ములికినాటివాడు’ అనో ఉంటే వాక్యం బరువు తగ్గకపోగా పెరిగేది. ‘రేనాటివాడు’ అన్నా చెల్లుతుంది. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన, సుమారు 575 నాటి తొలి తెలుగు శాసనంలోనే రేనాడు పేరు ఉన్నది.

ప్రశ్న (కడప నుండి):

చివరిగా ఒక్కటి. వచ్చే నెలకు మేము అనుకుంటున్న నవల 1840ల నాటిది. అందులో రైతులు ‘మా సీమ’ అని ఊరికే అంటారు. దత్తమండలం అప్పటికే ఉన్నది కనుక అది సరిపోతుందా?

సమాధానం (అనంతపురం నుండి):

‘మా సీమ’ అంటే మా తట్టు, మా నేల అనే సామాన్యార్థంలో సరిపోతుంది. విడిగా ‘సీమ’ అని వస్తే మాత్రం ఆగి చూడండి. కంపెనీ కాలంలో ఆ మాటకు సముద్రం అవతలి దేశం అనే అర్థం కూడా బలంగా ఉండేది. సీమదొర, సీమసరకు, సీమచింత అన్నీ ఆ అర్థంలో పుట్టినవే. అప్పటి రైతు ‘వాడు సీమ నుండి వచ్చినాడు’ అంటే వినేవాడికి దొర గుర్తుకు వచ్చేవాడు. ఈనాడు అదే వాక్యం హైదరాబాదులో అంటే మనలో ఒకడు గుర్తుకు వస్తాడు. మీ నవలాకారుడు ఏ అర్థంలో వాడాడో పక్క వాక్యాలు చూస్తే తేలుతుంది. ఆ పేజీని ఇక్కడ ఉంచితే అందరం చూద్దాం.