అయిదు రిమోట్ల బదులు ఒక్కటే: అయ్యే పనేనా?

టీపాయ్_బాధితుడు
సోనీ టీవీ, కేబుల్ వాళ్ళ సెట్ టాప్ బాక్స్, టీవీకి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీలో (టీవీ శబ్దం బయటికి పంపే సాకెట్) సౌండ్‌బార్, ఫైర్ స్టిక్, గోడకి ఏసీ. మొత్తం అయిదు రిమోట్లు. అన్నీ డ్రాయర్లో పడేసి ఒక్క యూనివర్సల్ రిమోట్‌తో నడిపించొచ్చా? లెర్నింగ్ రకం కొనాలా, కోడ్ నంబర్ కొట్టే రకమా? ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వాడతారు.

సోల్డర్_శీను
లెర్నింగ్ రకం, సందేహమే లేదు. కేబుల్ బాక్సులు ఊరికో రకం, కోడ్ల లిస్టులో మీది దొరక్కపోవచ్చు. లెర్నింగ్ రిమోట్ అయితే పాతది ఏం పంపితే అదే పట్టుకుంటుంది.

ముందు రెండిట్లోనూ కొత్త సెల్స్ వేయండి. రెండు రిమోట్ల మూతులు ఎదురెదురుగా, మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడం. ఎర్ర లైటు ఆగకుండా వెలిగేదాకా కొత్త రిమోట్‌లో సెట్ బటన్ నొక్కి పట్టండి. తర్వాత అందులోనే నేర్పాల్సిన బటన్, ఆ తర్వాత పాత రిమోట్‌లో దానికి సరిపోయే బటన్. పాతదాన్ని టక్కున నొక్కి వదిలేయాలి. ఎన్‌ఈసీ అనే కోడ్ పద్ధతిలో నడిచే రిమోట్లు అసలు కోడ్ ఒక్కసారే పంపుతాయి. వేలు తీయకపోతే ఆ తర్వాత సుమారు 108 మిల్లీసెకన్లకోసారి వచ్చేది పొట్టి రిపీట్ సిగ్నలే. అది రికార్డయిందంటే ఆ బటన్ ఇక పనిచేయదు. కిటికీ ఎండలో కూర్చుని చేయకండి, రిమోట్లు కోడ్ పంపేది ఇన్‌ఫ్రారెడ్ అనే కంటికి కనపడని వెలుతురులో, ఎండలోనూ అది ఉంటుంది.

మొండిఘటం
అంతా బాగుంది, పవర్ బటన్ సంగతి చెప్పు శీనూ. ఒక్క నొక్కుతో టీవీ, బాక్స్, సౌండ్‌బార్ మూడూ ఆన్ అయ్యేలా మాక్రో (వరసగా కొన్ని కోడ్లు పంపే బటన్) పెట్టావనుకో. చాలా రిమోట్లలో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే కోడ్. ఎవరో బాక్స్ ముందే ఆన్ చేసి ఉంచారు. మాక్రో నొక్కితే టీవీ వెలుగుతుంది, బాక్స్ ఆరిపోతుంది. మళ్ళీ నొక్కితే తారుమారు. ఇన్‌ఫ్రారెడ్‌లో మాట ఒకవైపే వెళ్తుంది, బాక్స్ వెలిగి ఉందో ఆరి ఉందో రిమోట్‌కి తెలిసే దారి లేదు.

చల్లగాలి
ఏసీని ఈ లెక్కలోంచి తీసేయండి. ఏసీ రిమోట్ "ఒక డిగ్రీ పెంచు" అని పంపదు. ప్రతి నొక్కుకీ ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం, స్వింగ్ అన్నీ కలిపి ఒకే మూటగా పంపుతుంది. అందుకే స్క్రీన్ దాని మీదే ఉంటుంది. 24 దగ్గర నేర్పిన బటన్ ఎన్నిసార్లు నొక్కినా 24నే, అప్పుడున్న ఫ్యాన్ వేగంతోనే. పైగా ఆ మూట పొడుగు, చవక రిమోట్ల మెమరీలో పట్టదు కూడా.

రబ్బరుబ్యాండు
అయిదింటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి వాడుకోండి. నా ఓటు దానికే.

సోల్డర్_శీను
మొండిఘటం గారూ, సోనీకి ఆన్ వేరు, ఆఫ్ వేరు కోడ్లున్నాయి. సోనీ వాడే ఎస్‌ఐఆర్‌సీ కోడ్ పద్ధతిలో టీవీకి ఆన్ 46, ఆఫ్ 47. మాక్రోలో 46 పెడితే ఎన్నిసార్లు నొక్కినా టీవీ ఆన్‌లోనే ఉంటుంది.

మొండిఘటం
ఆ 46 మామూలు సోనీ రిమోట్‌లో ఏ బటన్‌కి ఉంది? లేని బటన్ నుంచి లెర్నింగ్ రిమోట్ ఏం నేర్చుకుంటుంది? కోడ్ల లిస్టు రకం వద్దన్నది నువ్వేగా! సరే, సోనీ గట్టెక్కింది. బాక్స్‌కో?

అటక_రేడియో
ఫైర్ స్టిక్ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. దానికి ఇన్‌ఫ్రారెడ్ కన్నే లేదు, దాని రిమోట్ బ్లూటూత్‌లో మాట్లాడుతుంది. మామూలు యూనివర్సల్ రిమోట్‌తో అది కదలదు. టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేయండి, అంటే హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగానే పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే ఏర్పాటు. సోనీలో దాని పేరు బ్రావియా సింక్, శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్. టీవీ రిమోట్ బాణాలతోనే స్టిక్ నడుస్తుంది, సౌండ్‌బార్ వాల్యూమ్ కూడా దానికే వస్తుంది. అయిదులో రెండు రిమోట్లు పైసా ఖర్చు లేకుండా పోతాయి.

సోల్డర్_శీను
సీఈసీ ఉంటే చాలనేవాళ్ళు కేబుల్ బాక్స్ ఊసెత్తరు. చాలా బాక్సుల్లో అది పనిచేయదు. చానెల్ మార్చడానికి మళ్ళీ ఇంకో రిమోటే కదా.

పెద్దబజార్_మెకానిక్
బాక్స్ రిమోట్ పైభాగం చూడండి. చాలావాటిలో టీవీ పవర్, సోర్స్, వాల్యూమ్ రెండు, మ్యూట్ అని విడిగా గీత గీసిన అయిదు బటన్లుంటాయి. అవి లెర్నింగ్ బటన్లే. శీను చెప్పిన పద్ధతే, కొత్త రిమోట్ కొనక్కర్లేదు. ఆ వాల్యూమ్ బటన్లకి టీవీ వాల్యూమే నేర్పండి, సీఈసీ ఉంటే సౌండ్‌బార్‌కి అదే చేరుతుంది. ఒక జాగ్రత్త: ఫిలిప్స్ వాళ్ళ ఆర్‌సీ5 పద్ధతి రిమోట్ల నుంచి నంబర్లు నేర్పితే 122 కొట్టినా 12 అని పడొచ్చు. ప్రతి కొత్త నొక్కుకీ మారాల్సిన బిట్ ఒకటుంది. నేర్పిన కోడ్‌లో అది మారదు కాబట్టి, రెండో 2ని వేలు తీయలేదనుకుని బాక్స్ వదిలేస్తుంది.

మొండిఘటం
పవర్ బటన్‌కి ఇంకా జవాబు రాలేదు.

సోల్డర్_శీను
వచ్చింది, నువ్వు చదవలేదు.  మాక్రో వద్దనుకుంటే పెట్టకు, పవర్ బటన్లు విడివిడిగా నేర్పుకో. అయిపోయింది!

మొండిఘటం
అయిపోలేదు. నువ్వు చెప్పేదంతా నువ్వు ఇంట్లో ఉన్నంతసేపే పనిచేస్తుంది. రిమోట్ మీద పై వరస టీవీకి, కింద వరస బాక్స్‌కి, ఎర్ర బటన్ సౌండ్‌బార్‌కి అని నీ బుర్రలో ఉంది, బటన్ మీద రాసి లేదు. కింద పడి సెల్స్ ఊడితే కొన్ని చవక రిమోట్లు నేర్చుకున్నదంతా మర్చిపోతాయి. అసలు రిమోట్లేమో డ్రాయర్లో సెల్ కారి పచ్చబడి ఉంటాయి. అప్పుడు పెద్దవాళ్ళు నీకు ఫోన్ చేయాలా? లాజిటెక్ హార్మొనీ యూనివర్సల్ రిమోట్లు వేలకు వేలు పోసి కొన్నవాళ్ళున్నారు. 2021 ఏప్రిల్‌లో వాటి తయారీ ఆపేశారు.

సోల్డర్_శీను
ఓహో, గొడవ పవర్ బటన్‌తో కాదన్నమాట. మరి ఇప్పుడు చేయట్లేదా ఫోన్లు? సోర్స్ బటన్ పొరపాటున తగిలి "నో సిగ్నల్" వచ్చిందంటే అయిదు రిమోట్లున్న ఇంట్లో ఏది పట్టుకోవాలో ఎవరికి తెలుసు? నేను ఆ సోర్స్ బటన్ నేర్పనే నేర్పను. వాళ్ళకి అక్కర్లేని నలభై బటన్లు తీసేస్తున్నాను.

ఉక్కునగరం_ఉమ
నలభై బటన్లలో ఏది అక్కర్లేదో వాళ్ళని అడిగారా శీను గారూ? సబ్‌టైటిల్స్, లాంగ్వేజ్ బటన్లు ముందు పోయేవి, ఎక్కువ వాడేది మా అత్తగారి లాంటివాళ్ళే. సోర్స్ తీసేస్తే స్టిక్ చూశాక మళ్ళీ బాక్స్‌కి ఎలా రావాలి?

సోల్డర్_శీను
...లాంగ్వేజ్ బటన్ ఉంచొచ్చు. సోర్స్ గురించి ఆలోచించాలి.

మొండిఘటం
ఆలోచించు. అప్పటిదాకా అసలు రిమోట్లలో సెల్స్ తీసేసి, ఒక కవర్లో వేసి టీవీ వెనక పెట్టమని చెప్పు ఆయనకి. పారేయొద్దని చెప్పు.

టీపాయ్_బాధితుడు
మెకానిక్ గారు చెప్పిన అయిదు బటన్లు మా బాక్స్ రిమోట్‌లో ఉన్నాయి. నాలుగు నేర్చుకుంది. బ్రావియా సింక్ ఆన్ చేస్తే స్టిక్, సౌండ్‌బార్ రెండూ టీవీ రిమోట్‌కి లొంగాయి. మ్యూట్ మాత్రం పట్టట్లేదు, లైటు మూడుసార్లు మిణుకుమని ఆరిపోతోంది.

పెద్దబజార్_మెకానిక్
ముందు సోనీ రిమోట్ మూతిని ఫోన్ ముందు కెమెరాకి చూపించి మ్యూట్ నొక్కండి. ఊదారంగు మెరుపు కనిపించకపోతే కోడ్ బయటికే రావట్లేదు. ఆ బటన్ కింద నల్ల రబ్బరు చుక్క అరిగి ఉంటుంది, విప్పి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. మెరుపు వస్తుంటే సెల్స్ మార్చి, ఇంకాస్త ఎడంగా పెట్టి మళ్ళీ నేర్పండి.