మిర్చి ఘాటు కాయలో ఉందా, కొలిచేవాడిలో ఉందా?

(కృష్ణలంక, పల్నాడు, మజ్జిగ చెంబు: మాట్లాడుకునేవాళ్ల మారుపేర్లు.)

కృష్ణలంక: మనిషి చూపు అంటని జ్ఞానం ఉండదని వాదించేవాళ్లకి గుంటూరు మిర్చి యార్డే జవాబు. తేజ రకం మిర్చి పొడిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ ఎంతో, పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం చెబుతుంది. మీట ఎవరు నొక్కినా దాదాపు అదే అంకె.

పల్నాడు: యంత్రం ఇచ్చేది గ్రాముకి ఇన్ని మైక్రోగ్రాములని. దాన్ని 16.1తో హెచ్చిస్తేనే స్కోవిల్ ఘాటు. క్యాప్సైసిన్‌కి తోబుట్టువైన నార్‌డైహైడ్రోక్యాప్సైసిన్‌కి మాత్రం 9.3. దాని మంట తక్కువని తేల్చింది ఎవరు? నాలుకలు. 1912లో విల్బర్ స్కోవిల్ చేసిందీ అదే: మిర్చి సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూపోయి, మంట ఎక్కడ తెలియకుండా పోతుందో మనుషుల్ని అడిగాడు.

కృష్ణలంక: హెచ్చవేత తీసేయండి. మైక్రోగ్రాములు మిగులుతాయిగా? అవి ఏ నాలుకనీ అడగవు.

మజ్జిగ చెంబు: ముందు తలా ఒక కాయ కొరికి రండి.

పల్నాడు: ఏ పొడిలో మైక్రోగ్రాములు? ఘాటు గింజలో కాదు, గింజలు పట్టుకుని ఉండే తెల్లపొరలో ఉంటుంది. టిక్కీ (మిర్చి బస్తా) పైన తీసిన గుప్పెడు ఒకటి చెబుతుంది, గింజలు రాలిన అడుగున తీసింది తక్కువ చెబుతుంది.

కృష్ణలంక: అది శాంపిల్ తీసినవాడి తప్పు మాస్టారూ. పైన, మధ్యన, అడుగున తీసి కలపాలి. కుప్పపోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని, మళ్లీ కలిపి మళ్లీ పంచాలి. చివరికి మిగిలింది రాలిన గింజతో సహా మర పట్టాలి, మర వేడెక్కనివ్వకూడదు. పద్ధతి తప్పినవాణ్ని చూపించి పద్ధతిని తిడితే ఎలా?

పల్నాడు: సరే, రంగుకి రండి. పొడిని అసిటోన్‌లో 16 గంటలు చీకట్లో ఉంచి, 460 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చిందో చూసి ఆస్టా విలువ అనే రంగు అంకె కడతారు. అందులో బాడిగ రకం గెలుస్తుంది, ఘాటులో తేజ గెలుస్తుంది. మేలురకం ఏదో చెప్పే యంత్రం ఉందా?

కృష్ణలంక: మేలని నేనెక్కడ అన్నాను? కొలవొచ్చు అన్నాను. ధరని లాక్కొచ్చి ఇందులో కలుపుతున్నది మీరు.

పల్నాడు: నేను కలపడమేంటండీ! కాటా దగ్గర కలిపేస్తున్నారు. ఒక షెడ్డులో తేమ మీటరు 13 శాతం చూపిస్తే ధరలో కోత, పక్క షెడ్డులో అదే కాయకి 11. అడిగితే "యంత్రం చెప్పింది" అని నోరు మూయిస్తారు. నా గొడవంతా ఆ మాట మీదే.

కృష్ణలంక: ఆ ముక్క మొదటే అనాల్సింది. చేతి మీటరు నీటిని నేరుగా కొలవదు, కరెంటుకి కాయ ఎలా స్పందిస్తుందో చూసి అంచనా కడుతుంది. కాయ వేడిగా ఉన్నా, గిన్నెలో వదులుగా పోసినా అంకె మారుతుంది. తగువు వస్తే టొల్యూన్ డిస్టిలేషన్ చేయించాలి. కాయలోని నీరు గీతలున్న గొట్టంలోకి దిగుతుంది, ఎన్ని మిల్లీలీటర్లో ఇద్దరూ చదువుకోవచ్చు. శాంపిల్ రెండు పొట్లాలు కట్టి సీలు వేసి, ఒకటి రైతు దగ్గరే ఉంచాలి.

మజ్జిగ చెంబు: ఇది బాగుంది.

పల్నాడు: బాగానే ఉంది. ఆ పరీక్ష డబ్బు ఎవరు కడతారు? ఫలితం వచ్చేదాకా టిక్కీలు ఎక్కడ దించాలి?