మూసేసిన పెట్రోల్ బంకు పక్కన బోరు, వానాకాలంలో నీళ్ళు వాసన. ఏం టెస్ట్ చేయించాలి?

పాతరోడ్డు_కావలి:
అందరికీ నమస్తే. మాది కావలి దగ్గర, పాత హైవే పక్కన. మా వెనక గోడకి అవతల పెట్రోల్ బంకు ఉండేది, మూసేసి చానా ఏళ్ళయింది, మెషిన్లు పీకేశారు, షెడ్డు కూడా లేదు గానీ ఒక మూల రెండు సన్న పైపులు నిలబడే ఉండాయి. నవంబర్ వానలు పడినాక తెల్లారి మోటార్ వేస్తే మొదటి బిందెలో కిరసనాయిలు లాంటి వాసన వస్తా ఉండాది, కాసేపు వదిలితే పోతాది, ఎండాకాలం అసలు ఉండదు. టెస్ట్ చేయిస్తే టీడీఎస్, ఫ్లోరైడ్ అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మా అమ్మ ఆ నీళ్ళే కాచుకుని తాగుతాది, ఇంట్లో చిన్నబిడ్డ ఉంది. పాత ట్యాంకుల వల్లేనా ఇది?

బంకు_మేనేజర్_ఒంగోలు:
తమ్ముడూ ఆ రెండూ వెంట్ పైపులు, ట్యాంకులోని ఆవిరి పోయేదానికి పెడతారు. అవి అట్నే ఉన్నాయంటే కింద ట్యాంకులు కూడా తీసుండరు, ముందు అది కనుక్కో. పాతకాలం ఒంటి పొర ఇనప ట్యాంకులు, మన సముద్రం పక్క ఉప్పు నేలలో తుప్పు తొందరగా పడుతుంది, ట్యాంకు కంటే పైపు జాయింట్ల దగ్గర ఇంకా ఎక్కువ కారుతుంది. మేం పొద్దున్నే డిప్ రాడ్ (ట్యాంకులో నూనె మట్టం కొలిచే కడ్డీ) కొసకి వాటర్ పేస్ట్ పూసి దించేవాళ్ళం, అడుగున నీళ్ళుంటే పేస్ట్ రంగు మారేది. వానాకాలంలో మాటిమాటికీ నీళ్ళు తగిలితే మూత దగ్గర దిగుతున్నాయా, లేక ట్యాంకుకే చిల్లి పడిందా అని చూడాల్సిందే, ఎందుకంటే నీళ్ళు లోపలికొచ్చే చిల్లి లోంచే భూమిలో నీటిమట్టం దిగినప్పుడు నూనె బయటికి పోతుంది.

భూగర్భజలం_నెల్లూరు:
పై అన్న చెప్పింది కరెక్ట్. పెట్రోల్, డీజిల్ నీళ్ళ కంటే తేలిక కాబట్టి నీటిమట్టం మీద తేలతాయి, ఎండాకాలం మట్టంతో పాటు కిందికి దిగి ఇసకకి పట్టుకుంటాయి, ఈశాన్య వానలకి మట్టం లేస్తే ఆ ఇసకంతా మునిగి మళ్ళీ నీళ్ళలోకి కరుగుతాయి. మీకు నవంబర్‌లో వాసన రావడానికి అదే కారణం అయ్యుండొచ్చు. అందుకే మే నెలలో ఒక్కసారి చేయించి బాగుందనుకుంటే కుదరదు, వానల తర్వాత ఒకటి, ఎండల్లో ఒకటి, అట్లా ఏడాదికి నాలుగుసార్లు చూస్తేనే తెలుస్తుంది.

టీడీఎస్ మీటర్‌కి ఇవి అసలు అందవు. ల్యాబ్‌లో బీటెక్స్ అని అడగండి, అంటే బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, డీజిల్ కోసం టీపీహెచ్ (అంటే నీళ్ళలో పెట్రోలియం నూనెలు మొత్తం ఎంతున్నాయో చూసే టెస్ట్) కూడా రాయించండి. బెంజీన్ క్యాన్సర్ తెచ్చేది, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములే, అంత తక్కువ మన ముక్కుకి తెలీదు, వాసన పోయిందని నీళ్ళు మంచివైపోవు.

శాంపిల్ మిద్దె మీద ట్యాంకులోంచి పట్టొద్దు, ఆడికి వచ్చేలోపే సగం ఆవిరైపోతుంది. ప్లాస్టిక్ బాటిల్ వద్దు, ల్యాబ్ వాళ్ళిచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో బోరు దగ్గరే మెల్లిగా, అంచు మీద ఉబ్బేదాకా పట్టి మూత బిగించి తిరగేసి తట్టండి, ఒక్క బుడగ కనపడినా మళ్ళీ పట్టాలి. వెంటనే ఐస్ బాక్స్‌లో పెట్టి పంపండి. పక్కన బైక్ కూడా స్టార్ట్‌లో ఉండకూడదు.

పాతరోడ్డు_కావలి:
చానా థాంక్స్ అన్నా. మరి కాచినా పోదా? ఇంట్లో ఆర్వో ఉంది.

భూగర్భజలం_నెల్లూరు:
కాస్తే బెంజీన్ నీళ్ళలోంచి లేచి మీ వంటింటి గాల్లోకి వస్తుంది, అమ్మగారు అది పీల్చాల్సి వస్తుంది, దయచేసి మాన్పించండి. ఆర్వో పొర దీన్ని పూర్తిగా ఆపదు, కార్బన్ ఫిల్టర్ పట్టుకుంటుంది గానీ నిండిపోయిన రోజు మీకు తెలీదు. రిజల్ట్ వచ్చేదాకా తాగడానికి, వంటకి, బిడ్డకి పోయడానికి వేరే నీళ్ళు తెచ్చుకోండి.

సింగరాయకొండ_మాస్టారు:
ఒక్క మీ బోరు చూస్తే చాలదండీ, బంకుకి మూడు పక్కలా ఉన్న బోర్లు చూడాలి. తెల్లారి ఎవరూ మోటార్ వేయకముందే మూడింట్లో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో టేపుతో కొలిచి, మేస్త్రి లెవెల్ ట్యూబ్‌తో మూడు బోర్ల గట్ల ఎత్తూ సరిచూసుకుంటే నీళ్ళు ఏ వైపు పారతాయో తెలుస్తుంది. మామూలుగా సముద్రం వైపే గానీ దగ్గర్లో రొయ్యల చెరువుల వాళ్ళు గట్టిగా తోడితే అటు తిరగొచ్చు. బంకుని ఆనుకున్న బోరు కంటే ఆ పారే వైపు దూరంగా ఉన్న బోరుకే ముందు తగలొచ్చు, వాళ్ళకి ఇంకా వాసన కూడా వచ్చుండదు. ఆ ఇళ్ళవాళ్ళని కలుపుకుని అందరి సంతకాలతో నెల్లూరులో కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకి అర్జీ పెట్టండి, కాపీ కలెక్టర్ గారికి, ఇంకోటి పెట్రోలియం లైసెన్స్ ఇచ్చే పెసో వాళ్ళకి. ట్యాంకులు తీశారా, బంకు స్థలంలో పరిశీలన బోర్లు వేయిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ల్యాబ్ రిపోర్ట్ వచ్చాక జతచేయొచ్చు, అర్జీ మాత్రం దానికోసం ఆపొద్దు.