బట్టీలకు వచ్చే ఒడిశా కుటుంబాలకు రోగ పరీక్షలు చేయించడం సబబేనా?

ఉపాధ్యాయుడు, పెద్దపల్లి జిల్లా:
మా ఊరి శివారులోని ఇటుక బట్టీలకు ఏటా దీపావళి దాటాక పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, తొలకరి పడేదాకా ఇక్కడే ఉంటాయి. ఈసారి వచ్చినవారందరికీ రక్త పరీక్షలు చేయించాలని, జబ్బు బయటపడినవారిని తిరిగి పంపేయాలని గ్రామసభలో కొందరు పట్టుబట్టారు. పరీక్షలకు నాకు అభ్యంతరం లేదు గానీ, పంపేయడం మనసుకు ఒప్పడం లేదు. ఏ పరీక్షలు నిజంగా అవసరమో తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత వైద్యాధికారి, హనుమకొండ:
వచ్చినవారి ప్రాంతంలో ఏ జబ్బు ఎక్కువ, అది తేలితే వెంటనే మందు ఇవ్వగలమా అన్నది చూసుకున్నాకే పరీక్షను ఎంచుకోవాలి. కొత్తగా వచ్చిన వలసదారుల కోసం ఐరోపా వ్యాధి నివారణ, నియంత్రణ కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పరీక్ష స్వచ్ఛందంగా, గోప్యంగా జరగాలనీ, చికిత్సతో ముడిపడి ఉండాలనీ చెబుతాయి.

మీ బట్టీల దగ్గర నేనైతే మొదట మలేరియా చూస్తాను. మలేరియా పదేపదే సోకే ప్రాంతాల పెద్దలకు కొంత నిరోధక శక్తి ఏర్పడి, ఒంట్లో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా క్రిమి ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు. అందుకే 2020లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో, జ్వరం ఉందా లేదా అని చూడకుండా ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేశారు. వేలి కొన నుంచి ఒక్క రక్తపు చుక్క, ఒక రాపిడ్ కిట్, అరగంట లోపు ఫలితం. మలేరియా మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు, మధ్యలో దోమ ఉండాలి. మట్టి తవ్వి వదిలేసిన గుంతల్లో నిలిచిన నీటిలోనూ ఆ దోమ పెరుగుతుంది కాబట్టి, గ్రామసభ కోపం కాస్త బట్టీ యజమానుల వైపు కూడా మళ్లితే బాగుండును.

క్షయ విషయంలో రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం ఉన్నాయేమో అడిగి, అనుమానం ఉన్నవారికి ఎక్స్‌రే తీయించి, తెమడను క్షయ క్రిమిని గుర్తించే ట్రూనాట్ పరీక్షకు పంపాలి. హెచ్‌ఐవీ పరీక్షను 2017 నాటి చట్టం ప్రకారం సమ్మతి లేకుండా చేయరాదు. ఫలితాన్ని సాకుగా చూపి పని నుంచి తొలగించడాన్నీ ఆ చట్టం నిషేధించింది. పిల్లలకు మాత్రం రక్త పరీక్షల కన్నా ముందు టీకా కార్డు చూడండి, ముఖ్యంగా తట్టు, రుబెల్లా టీకా పడిందో లేదో.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాడిని, జగిత్యాల:
తిరిగి పంపేయాలన్న మాట వింటే మా జిల్లాలో చాలామందికి గల్ఫ్ మెడికల్, అంటే అక్కడి ఉద్యోగాలకు చేసే వైద్య పరీక్ష, గుర్తుకు వస్తుంది. ఎప్పుడో మానిపోయిన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనబడిందని నా కాగితం మీద ‘అన్‌ఫిట్’ అని రాశారు. అది ఏ మచ్చో, ఎవరికి చూపించుకోవాలో ఆ సెంటర్‌లో ఒక్కరూ చెప్పలేదు. అప్పటికే ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు మాత్రం మిగిలింది. జబ్బు తేలితే కూలి పోతుందని తెలిసినవాడు దగ్గును కూడా దాచుకుంటాడు, ఇందులో ఒడిశా వారికీ మనకూ తేడా లేదు.

క్షయ విభాగం ఉద్యోగి, భూపాలపల్లి:
డాక్టరు గారు చెప్పినదానికి పని జరిగే తీరు గురించి కొంత చేరుస్తాను. బట్టీ కూలీలు అర్ధరాత్రి దాటాక లేచి అచ్చులు పోస్తారు గనుక, ఉదయం పది గంటలకు శిబిరం పెడితే నిద్రలో ఉన్నవారిని లేపినట్లే అవుతుంది. సాయంత్రం పెట్టండి, ఒడియా వచ్చినవారిని ఒకరిని వెంట ఉంచుకోండి. క్షయ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి, బట్టీ పని అంతకంటే ముందే ముగియవచ్చు. కాబట్టి క్షయ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేసేటప్పుడే సొంత ఊరి వివరాలు రాసుకుంటే, వారు వెళ్లేనాటికి చికిత్సను అక్కడి కేంద్రానికి బదిలీ చేయవచ్చు. నెలకు 1000 రూపాయల పోషకాహార సాయం ఒడిశాలోని బ్యాంకు ఖాతాలోకైనా పడుతుంది.

ఉపాధ్యాయుడు, పెద్దపల్లి జిల్లా:
కృతజ్ఞతలు. కూలీలను తీసుకొచ్చిన సర్దార్, ఫలితాల కాగితాలన్నీ తన చేతికే ఇవ్వాలంటున్నాడు. ఇవ్వవచ్చా?

విశ్రాంత వైద్యాధికారి, హనుమకొండ:
ఇవ్వకూడదు. సర్దార్‌కు గానీ, యజమానికి గానీ, గ్రామసభకు గానీ పేర్లు అందకూడదు. ఎవరి కాగితం వారి చేతికే ఇచ్చి, మందుల చీటీని ఆశా కార్యకర్త దగ్గర నమోదు చేయించండి.