హైదరాబాద్‌లో బయట భోజనం: వేడిగా ఉంది సరే, ఇవాళ్టిదేనా?

గోంగూర_అబ్బాయి అడిగింది:

పోయిన ఆదివారం మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఎప్పుడొచ్చినా ఇంట్లోనే తింటాం, ఈసారైనా మంచి చోటికి తీసుకెళ్దామని మాదాపూర్ వైపు ఒక పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లాం, నేనూ మా ఆవిడా బాబూ నాన్నా. గుమ్మంలో ఎడ్లబండి చక్రం, గోడలకి ఇత్తడి బిందెలు, అరిటాకు ఆకారంలో చేయించిన స్టీల్ ప్లేట్లు. మెనూ పెళ్లి ఆల్బమ్ అంత లావు. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఒక పేజీలో, తిప్పితే పనీర్ టిక్కా, ఇంకోసారి తిప్పితే షెజ్వాన్ నూడుల్స్, ఆఖర్న పాస్తా కూడా ఉంది మరి.

నాన్న గోంగూర మటన్ ఒక ముద్ద తిని, రెండో ముద్ద కలుపుతూ ఆగి, పక్క టేబుల్‌కి వినపడకుండా "వేడిగానే ఉందిరా, కానీ ఇవాళ్టిది కాదు" అన్నారు. నేను మొదట నమ్మలేదు, ఆయనకి బయట ఏదీ నచ్చదులే అనుకున్నా. తర్వాత పనీర్ కూర, మష్రూమ్ కూర, బాబు అడిగిన చికెన్ కూర మూడూ పక్కపక్కన పెట్టి ఉత్త గ్రేవీ రుచి చూశా. ముక్క తీసేస్తే ఏది ఏదో చెప్పడం నా వల్ల కాలేదు.

బిల్లు చూడండి. తిన్నది 2,140 (అందులో అడక్కుండానే మూత తీసి పెట్టిన నీళ్ల సీసాలు రెండు, ఒక్కోటి 60). దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్ 214. ఆ రెండూ కలిపి దాని మీద 5 శాతం జీఎస్టీ. మొత్తం 2,471 రూపాయల 70 పైసలు. సర్వీస్ ఛార్జ్ తీసేయమంటే కెప్టెన్ (వడ్డించేవాళ్ల మీద పెద్ద) "అది మా కుర్రాళ్లకి సార్" అని నలుగురికీ వినపడేలా అన్నాడు, నేనేదో వాళ్ల కడుపు కొడుతున్నట్టు. నాన్నేమో "ఇచ్చెయ్ రా, పోనీ" అన్నారు. ఇచ్చేశా. మూడు రోజులైనా ఇంకా మండుతోంది.

నాకు అర్థమైంది ఒకటే, మనం గోడలకీ చక్రాలకీ డబ్బులిస్తున్నాం, కూర ఉచితంగా వస్తోంది. రేటింగ్ చూసే వెళ్లానండీ, 4.4 ఉంది. మీరు ఎలా ఎంచుకుంటారు? ఆ సర్వీస్ ఛార్జ్ తీసేయమనే హక్కు నాకుందా లేదా? నాదే చాదస్తం అయితే అదీ చెప్పండి.

బిల్లు_చదివే_మనిషి:

హక్కు ఉంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ ఛార్జ్‌ని బిల్లులో దానంతట అదే కలపకూడదు, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు, తిండి బిల్లుకి కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకి వెళ్లి స్టే తెచ్చుకున్నాయి గానీ 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి, రెండు సంఘాలకీ చెరో లక్ష ఖర్చులు కూడా వేసింది. ఈసారి ఎవరైనా గొంతు పెంచితే మీరు పెంచకండి, 1915కి ఫోన్ చేస్తానని మామూలుగా చెప్పండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నా విషయంలో రెండుసార్లూ ఆ నంబర్ చెప్పగానే కొత్త బిల్లు వచ్చింది.

నీళ్ల సీసా దగ్గర మాత్రం మీరు ఓడిపోతారు. హోటల్లో కూర్చోబెట్టి ఇచ్చే సీసాకి ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పింది, ఎందుకంటే అక్కడ అమ్మేది సీసా ఒక్కటే కాదు, కుర్చీ, ఏసీ, వడ్డన అన్నీ కలిసి ఉన్నాయట. అందుకని కూర్చోగానే నోరు తెరిచి "మామూలు నీళ్లు" అనాలి. మూత తీశాక మాట్లాడి లాభం లేదు.

ఇంకోటి. కొన్ని చిన్న హోటళ్లు కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటాయి, అంటే అమ్మకాల మీద కొంత శాతం పన్ను తమ జేబులోంచే కడతాయి, వాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయడానికి లేదు. బిల్లు మీద ఆ మాట రాసి ఉండి కూడా కింద పన్ను వేస్తే అడగండి. నేను అడిగా, మా ఆవిడ ఆ రోజు నుంచి నాతో బయటికి రావడం తగ్గించింది.

కౌంటర్_వెనక:

నేను కూకట్‌పల్లిలో రెండు రెస్టారెంట్లలో కలిపి ఆరేళ్లు చేశాను, మొదట కిచెన్‌లో, తర్వాత కెప్టెన్‌గా. అవతలి వైపు నుంచి కూడా వినండి.

మీరు చెప్పిన మూడు కూరలూ ఒకటే అన్నది నిజమే. పొద్దున్నే పెద్ద గిన్నెల్లో ఎర్ర గ్రేవీ, తెల్ల గ్రేవీ, ఉల్లి గ్రేవీ తీసి పెడతాం. ఎర్రది టమాటా, తెల్లది జీడిపప్పూ కర్బూజ గింజల ముద్ద, మూడోది ఎర్రగా వేయించిన ఉల్లిపాయ. ఆర్డర్ రాగానే రెండు గరిటెలు ఇది, ఒక గరిటె అది, పైన క్రీమ్ గీస్తే ఒక పేరు, కసూరీ మేతి నలిపితే ఇంకో పేరు. దీన్ని నేను మోసం అనను. పదిహేను నిమిషాల్లో టేబుల్ మీదికి కూర రావాలని మీరే అంటారు, రెండు వందల రకాలూ మీకే కావాలి, అప్పటికప్పుడు ఉల్లిపాయ వేయించి చేస్తే గంటన్నర పడుతుంది. ఆగుతారా?

మటన్ సంగతి వేరు. మటన్‌ని ఆర్డర్ వచ్చాక ఎవరూ ఉడికించరు, ఉడికించింది ఫ్రిజ్‌లో ఉంటుంది, గోంగూర ముద్ద పక్క డబ్బాలో ఉంటుంది, రెండూ పెనంలో కలుస్తాయి. ఆ డబ్బా మీద తేదీ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. 2024లో హైదరాబాద్‌లో ఫుడ్ సేఫ్టీ వాళ్లు వరసగా తనిఖీలు చేసి ఫోటోలు బయటపెట్టారు కదా, చాలా చోట్ల రాసింది అదే, లేబుల్ లేని డబ్బాలు. రెండు రోజుల గోంగూర పచ్చడి బాగుంటుంది, రెండు రోజుల మటన్ బాగుండదు. మీ నాన్నగారి నాలుక కరెక్టే.

అందుకని "స్పెషల్ ఏముంది" అని అడక్కండి. స్పెషల్ అంటే ఒక్కోసారి నిన్న మిగిలింది. "ఈ పూట ఎక్కువ ఏది పోతోంది" అని అడగండి. ఎక్కువ పోయేది పాతబడదు. నాటుకోడి హోటల్లో పాస్తా, పాస్తా చోట నాటుకోడి జన్మలో చెప్పకండి.

సర్వీస్ ఛార్జ్ గురించి: నేను చేసిన ఒక చోట నెలాఖరున పాయింట్ల లెక్కన పంచేవారు, గిన్నెలు కడిగే అతనికి కూడా వచ్చేది. రెండో చోట అది ఎటు పోయిందో మాకెవరికీ తెలీదు. మీకు వడ్డించినవాడు నచ్చితే వాడి చేతిలో నోటు పెట్టండి, బిల్లులో వద్దు.

హండీ_భాయ్:

అన్నా, తెనాలి మనిషిని తీసుకెళ్లి మాదాపూర్‌లో గోంగూర మటన్ తినిపించావా? అది వాళ్లింట్లోనే ఉంటుంది కదా. ఇక్కడికొచ్చినోళ్లకి ఇక్కడిది పెట్టాలి.

బిర్యానీ గురించి నేను ఒక్కటే చూస్తా, టైం. కచ్చీ దమ్ అంటే మసాలాలో నానిన పచ్చి మటన్ అడుగున, సగం ఉడికిన బియ్యం పైన, మూత చుట్టూ పిండి పెట్టి సీల్ చేసి, కిందా పైనా నిప్పు. ఆ మూత తీసిన గంటలో తింటే అది బిర్యానీ. మధ్యాహ్నం మొదటి హండీ తెరిచే వేళకి పోవాలి, పన్నెండున్నర, మహా అయితే ఒంటిగంట. రాత్రి పదకొండుకి పోయి "ఎండిపోయింది, పేరు పోగొట్టుకున్నారు" అని రేటింగ్ ఇచ్చేటోళ్లని చూస్తే నవ్వొస్తుంది. అడుగు మసాలా కొంచెం వేయమని అడిగితే చాలా చోట్ల వేస్తారు, సలాన్ మళ్లీ పోస్తారు, దానికి సిగ్గుపడకు.

స్పెషల్ బిర్యానీ మాత్రం వద్దు. దమ్ అన్నం మీద విడిగా వేయించిన బోన్‌లెస్ ముక్కలు, పైన గ్రేవీ. అది రెండు వేర్వేరు వంటలు ఒక ప్లేట్‌లో పెళ్లాడటం, దానికి ఎనభై రూపాయలు ఎక్కువ.

మండీ, అంటే అరబ్బుల తరహా మాంసం అన్నం, తినాలంటే బార్కస్ పో. నిజాం దగ్గర పనిచేసిన అరబ్ సైనికుల బ్యారక్స్ ఉన్న చోటు, ఆ పేరే తిరిగి తిరిగి బార్కస్ అయింది. ఇప్పుడు గల్లీకొక మండీ హోటల్ వెలిసింది గానీ సగం చోట్ల అది పసుపన్నం మీద కాల్చిన కోడి. అన్నట్టు పచ్చిగుడ్డు మయోనీస్‌ని 2024 అక్టోబర్‌లో రాష్ట్రం ఏడాదిపాటు నిషేధించింది గుర్తుందా, అప్పుడు మా పిల్లలు మండీయే మానేస్తామన్నారు. అంటే వాళ్లు తినేది మయోనీసే అన్నమాట.

బెజవాడ_వసంత:

అందరూ కూర గురించే మాట్లాడుతున్నారు, నా అభిప్రాయం కొంచెం వేరు, తిట్టుకోకండి. నేను వండని అన్నం నాకు ఎప్పుడూ రుచే. వారమంతా రెండు పూటలా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి ఆదివారం ఎవరో కంచం పెట్టి, తిన్నాక ఎవరో తీసుకుపోతే, గ్రేవీ ఎర్రదా తెల్లదా అని ఆరా తీసే ఓపిక ఉండదు. ఆ రోజు మీ ఆవిడ ఏమన్నారో మీ పోస్ట్‌లో ఎక్కడా లేదు, చూసుకోండి.

అలాగని డబ్బు పారేసుకోమనడం లేదు. ఇంట్లో అన్నం పెట్టుకుని కర్రీ పాయింట్ నుంచి పప్పూ, వేపుడూ, సాంబారూ తెచ్చుకుంటే నలుగురికీ మీ నీళ్ల సీసాల డబ్బులకి ఇంకొంచెం వేస్తే చాలు. సాయంత్రం ఏడుకి గిన్నెలు ఖాళీ అయ్యే పాయింట్ చూసుకోండి, తొమ్మిదికి కూడా నిండుగా ఉన్నది వదిలేయండి. టిఫిన్‌కి అయితే నాకు ఒకటే పరీక్ష, చట్నీ. ఇడ్లీ ఎవరైనా చేస్తారు. చట్నీలో నీళ్లు పోసినవాడు అన్నిట్లోనూ పోస్తాడు. మా ఊళ్లో బాబాయ్ హోటల్‌లో వెన్నపూస వేసిన ఇడ్లీ తిని పెరిగినదాన్ని, ఇక్కడ 'బటర్ ఇడ్లీ' అని పసుపుపచ్చ బిళ్ల కరిగించి ఇస్తే ఏం మాట్లాడను?

ఒంటరిగా ఆడవాళ్లు వెళ్తే బాత్రూమ్ పక్క టేబుల్ చూపిస్తారు, దాని గురించి కూడా ఎవరైనా ఒక మార్గదర్శకం తెస్తే బాగుండు.

కోరమంగళ_కుర్రోడు:

బెంగళూరు నుంచి. మీరంతా అదృష్టవంతులు. ఇక్కడ 'ఆంధ్రా స్టైల్' అంటే పచ్చిమిరపకాయల చిల్లీ చికెన్, ఆకు వేసి అన్నం. బాగుంటుంది, అబద్ధం ఎందుకు, వారానికోసారి తింటా. కానీ గుంటూరులో పుట్టి పెరిగిన నేను ఆ కూరని మా ఊళ్లో ఎవరింట్లోనూ చూడలేదు. మా మేనేజర్‌కి ఆ మాట చెబితే నేను ఆంధ్రావాడినే కాదన్నాడు.

గోంగూర_అబ్బాయి:

అందరికీ థ్యాంక్స్. వసంత గారూ, అడిగాను. "ఆ రోజు నాకు గిన్నెలు లేవు, అంతే చాలు" అంది మా ఆవిడ, ఇంక నేనేం వాదిస్తాను.

నాన్నకి ఇదంతా చదివి వినిపించా. ఫ్రిజ్‌లో డబ్బాల సంగతి వచ్చినప్పుడు "చెప్పానా?" అని మా వైపు అదోలా చూశారు. రేపు సాయంత్రం ఆయనకి సికింద్రాబాద్‌లో రైలు. హండీ భాయ్ చెప్పినట్టు మధ్యాహ్నం మొదటి హండీకి తీసుకెళ్దామనుకుంటున్నా. ఆయనకి మటన్ మెత్తగా ఉండాలి, పళ్లు అంతంతమాత్రం. ఏసీ లేకపోయినా ఫర్వాలేదు, ఎడ్లబండి చక్రం అసలే వద్దు. స్టేషన్‌కి దగ్గర్లో ఎక్కడైనా చెప్పండి.

హండీ_భాయ్:

ఇన్‌బాక్స్ చూడు. పన్నెండు ఇరవైకల్లా అక్కడ ఉండు. కూర్చోగానే మామూలు నీళ్లు అని చెప్పు.