సప్లై, మల్టీమీటర్ రెండూ లాప్‌టాప్ మాట వినాలి, నాకు కోడ్ రాదు: ఈఈజెడ్ స్టూడియోతో అవుతుందా?

అనంతపురం_సోలార్_షాపు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న రిపేరు షాపు. సోలార్ వీధిలైట్ల చార్జ్ కంట్రోలర్లు (బ్యాటరీ మరీ దిగిపోకుండా లైటు ఆర్పి, మళ్లీ ఎక్కాక వెలిగించేవి), 12 వోల్టులవి, మా దగ్గరికి బస్తాల్లో వస్తాయి. బాగు చేశాక ప్రతిదానికీ ఒకటే పరీక్ష. బ్యాటరీ బదులు పవర్ సప్లై కట్టి, 13 వోల్టుల నుంచి 0.1 చొప్పున దించుకుంటూ పోతా. లైటు ఎక్కడ ఆరిందో రాసుకుంటా. మళ్లీ పెంచుకుంటూ ఎక్కడ వెలిగిందో రాసుకుంటా. ఈ రకంలో 10.8 దగ్గర ఆరాలి, 12.5 దగ్గర వెలగాలి. ఒక్కోదానికి పది నిమిషాలు. పోయిన వారం 40 వచ్చాయి. నాబు తిప్పీ తిప్పీ బొటనవేలు పట్టేసింది, మధ్యలో ఎవరైనా కస్టమర్ పలకరిస్తే ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోతా.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ సప్లై, బెంచ్ మల్టీమీటర్ కొన్నాను. సప్లైకి లాన్ పోర్టు ఉంది, మీటర్‌కి సీరియల్. ఇలాంటి పరికరాలను లాప్‌టాప్ నుంచి నడిపే ఈఈజెడ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ సోర్స్, కోడ్ బదులు తెర మీద గడులు కలిపితే చాలు అని విన్నా. నేను డిప్లొమా ఎప్పుడో చదివినవాణ్ణి, సి లాంగ్వేజ్‌లో ప్రింటెఫ్ తప్ప ఏమీ గుర్తులేదు. నాకు అవుతుందా? ఇంకోటి, షాపులో ఉండే పిల్లాడికి ఇంగ్లీషు కష్టం. ఈఎస్పీ 32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు చిన్న స్క్రీన్ పెట్టి తెలుగులో చూపించాలని ఉంది.

కడప_బెంచి:

అవుతుంది అన్నా. అందులో రెండు వేరే వేరే పనులున్నాయి, అందరూ అక్కడే తికమక పడతారు. డాష్‌బోర్డ్ ప్రాజెక్టు అంటే మీ లాప్‌టాప్ మీదే నడుస్తూ పరికరాలతో మాట్లాడేది. ఎల్‌వీజీఎల్ (చిన్న స్క్రీన్ల మీద బొమ్మలు, అక్షరాలు వేసే రెడీమేడ్ కోడ్) ప్రాజెక్టు అంటే చిన్న స్క్రీన్‌కు డిజైన్ గీస్తే సి కోడ్ తీసిచ్చేది. ముందు మొదటిది పట్టుకోండి. స్క్రీన్ తర్వాత.

మీ రెండు పెట్టెలకూ స్కిపి వచ్చో రాదో చూడండి. 1990లో పుట్టిన కమాండ్ల భాష అది. వోల్ట్ 12 అని పంపితే సప్లై 12 పెడుతుంది, మీటర్‌కి మెజర్ వోల్ట్ అని చివర ప్రశ్నార్థకం పెట్టి పంపితే కొలిచి చెప్తుంది. మొట్టమొదట స్టార్ గుర్తు, ఐడీఎన్, ప్రశ్నార్థకం పంపండి. కంపెనీ పేరు, మోడల్ చెప్పిందంటే సగం పని అయినట్టే. లాన్‌లో చాలా పరికరాలు 5025 నంబరు పోర్టు మీద వింటాయి. సీరియల్ మీటర్ పలకకపోతే బాడ్ రేటు (రెండు వైపులా ఒకటే ఉండాల్సిన వేగం) చూడండి, ఆ తర్వాత లైను చివర న్యూలైన్ (లైను అయిపోయిందని చెప్పే గుర్తు) వెళ్తోందా చూడండి. అది వెళ్లకపోతే మీరు ఇంకా మాట్లాడుతున్నారనుకుని మీటర్ గమ్మున కూర్చుంటుంది. నాకు ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది.

ఆ తర్వాత లూప్ గడి, స్కిపి గడి, డిలే గడి తెచ్చి గీతలతో కలపడమే.

ఒక జాగ్రత్త. రేపు ఫుల్ చార్జ్ కటాఫ్ కూడా చూద్దామని ప్యానెల్ వైపు ఇంకో సప్లై కడతారు. అప్పుడు చార్జింగ్ కరెంటు బ్యాటరీ చోట ఉన్న సప్లైకి ఎదురొస్తుంది. మామూలు సప్లై కరెంటు ఇస్తుందే గానీ మింగలేదు. ఆ చార్జింగ్ కరెంటు కంటే ఎక్కువ లాగే లోడు దానికి అడ్డంగా కట్టండి, లేకపోతే ఎస్పీ రోడ్డుకు మళ్లీ బస్సెక్కాలి.

కర్నూలు_ల్యాబ్:

సార్, ఎవరైనా ఇలాంటి పనికే ఉన్న ల్యాబ్‌వ్యూ సాఫ్ట్‌వేర్ వాడమంటారేమో. దాని ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ వ్యాపారానికి వాడకూడదు, మీది షాపు. అందుకని మీరు అనుకున్నదే మంచిది. కాకపోతే లాప్‌టాప్ పాతదైతే తెరుచుకునేసరికి టీ తాగి రావచ్చు.

తెలుగు సంగతే ఇబ్బంది. ఎల్‌వీజీఎల్ ఒక్కో యూనికోడ్ నంబరుకు ఒక్కో అక్షరం బొమ్మ వేసుకుంటూ పోతుంది. అరబిక్‌కు అక్షరాలు కలిపే ఏర్పాటు ఉంది, మన ఒత్తులకు లేదు. "బ్యాటరీ" అని రాస్తే బ, పొల్లు, య, దీర్ఘం ఎవరి దారిన వాళ్లు నిలబడతారు. మేము పదాలను లాప్‌టాప్‌లో టైపు చేసి పీఎన్‌జీ బొమ్మలుగా పెట్టాం, అంకెలకు మాత్రం ఫాంటు వాడాం. మీకు పది పన్నెండు పదాలకు మించి అక్కర్లేదు కదా.

240×320 స్క్రీన్ మొత్తానికి బఫర్ (బొమ్మను ముందుగా దాచుకునే మెమరీ) పెట్టొద్దు, 16 బిట్ రంగులకు 1,53,600 బైట్లు మింగుతుంది. పదో వంతు చాలు. అంకెలు మారకుండా బిగుసుకుపోతే మెయిన్ లూప్‌లో, స్క్రీన్ మీది అంకెలను తాజా చేసే యూఐ టిక్ ఫంక్షన్‌ను పిలిచారో లేదో చూడండి. మా దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు మర్చిపోయేది అదే.

అనంతపురం_సోలార్_షాపు:

ఆరు రోజులైంది. మీటర్ పలకనిది న్యూలైన్ వల్లే, కడప తమ్ముడికి దండం. అడుగుకు అర సెకను డిలే పెట్టాను. సప్లై దానంతట అది దిగుతుంటే పిల్లాడు పక్క షాపువాళ్లను కూడా పిలుచుకొచ్చాడు.

కానీ లెక్క తప్పుతోంది. చేత్తో చూస్తే 10.8 దగ్గర ఆరే కంట్రోలర్, ఇందులో 10.2 అంటోంది. మీటర్ తప్పా అని వేరే మీటర్ పెట్టి చూశా, అదీ అంతే. గడులు నాలుగుసార్లు విప్పి కట్టా. నిన్నంతా ఇదే టెన్షన్.

కడప_బెంచి:

మీ కంట్రోలర్ వోల్టేజి పడగానే ఆర్పేస్తుందా, కాసేపు చూసి ఆర్పుతుందా? మోటారు స్టార్టయినప్పుడు క్షణంపాటు వోల్టేజి పడ్డా ఆరిపోకుండా చాలావాటిలో కొన్ని సెకన్లు ఆగే ఏర్పాటు ఉంటుంది. సప్లైని 10.8 దగ్గరే నిలబెట్టి గడియారం చూడండి.

అనంతపురం_సోలార్_షాపు:

మూడు సెకన్లు! అడుగుకు అర సెకను, అంటే అది ఆర్పాలని తేల్చుకునేలోపు ఇది ఆరడుగులు దిగిపోయింది. 0.6 అక్కడే పోయింది. చేత్తో తిప్పేటప్పుడు రాసుకోవడానికే ఐదు సెకన్లు పట్టేది, అందుకని ఇన్నేళ్లూ తెలియలేదు.

ఇప్పుడు 11.2 దాకా గబగబా దించి, అక్కడి నుంచి అడుగుకు ఐదు సెకన్లు ఇస్తున్నా. పైకి వెళ్లేటప్పుడు 12.2 నుంచి అలాగే. రెండూ కలిపి మూడు నిమిషాలు కూడా పట్టడం లేదు.

ఒక్క తలనొప్పి మిగిలింది. ఈ సంగతి తెలియకముందు, 10.2 చూసి బోర్డు తప్పనుకుని మూడు కంట్రోలర్ల ప్రీసెట్ (ఎక్కడ ఆరాలో సరిచేసే చిన్న స్క్రూ) తిప్పేశా. వాటికి గుర్తు పెట్టలేదు. బస్తాలో కట్టేసిన 14లో అవి ఏ మూడో, ఇప్పుడు అన్నీ తీసి మళ్లీ పెడుతున్నా. తొమ్మిది అయ్యాయి, ఒకటి దొరికింది.